పొత్తిళ్లు అంటే గుడ్డలా, తల్లి ఒడా? అసలు ఈ మాట ఎక్కడిది?

అక్షరపురుగు
ఒక వార్తలో "తల్లి పొత్తిళ్లలోంచి శిశువును ఎత్తుకెళ్లారు" అని ఉంది. ఒక కథలోనేమో ముప్పై ఏళ్ల కొడుకు "అమ్మ పొత్తిళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు". పొత్తిళ్లంటే పసిబిడ్డకు చుట్టే మెత్తటి గుడ్డలని నాకు తెలిసిన అర్థం. తల్లి పొత్తిళ్లు ఎక్కణ్నించి వచ్చాయి? ముప్పై ఏళ్లవాణ్ని ఏ గుడ్డలో చుట్టారు? అర్థం మారిపోయిందా, లేక రాసేవాళ్లే చూసుకోవడం లేదా? దీని ఏకవచనం ఏమిటో, మూలం ఏమిటో తెలిసినవాళ్లు చెప్పండి. ఇంత మంచి మాట ఇలా పాడైపోతుంటే బాధగా ఉంది.

గోదారిగట్టు
గుడ్డలే. సందేహం లేదు. బిడ్డ కింద పరిచేదీ పొత్తిగుడ్డే, ఒంటికి చుట్టేదీ పొత్తిగుడ్డే. "పొత్తిళ్లలో బిడ్డ" అంటే ఇంకా గుడ్డల్లో ఉన్న బిడ్డ, అంటే నెలల పిల్ల. మోచేతుల మధ్య ఉన్నదాన్ని పొత్తిళ్లు అనరు.

ఉగ్గుగిన్నె
అంత ఖండితంగా కొట్టేయకండి గోదారిగట్టు గారూ. "ఒడి" సంగతి చూడండి. చీర కుచ్చెళ్ల దగ్గర మడిచి పట్టిన భాగం ఒడి. ఒడిబియ్యం పోసేది అందులోనే. కూర్చున్నప్పుడు ఆ మడత పడే చోటు కూడా ఒడే అయింది. గుడ్డ పేరు ఒంటికి పాకింది. పొత్తిళ్లూ అదే దారిలో పోతున్నాయి. గుడ్డల్లో ఉన్న బిడ్డ ఎప్పుడూ తల్లి పక్కనే ఉంటుంది కాబట్టి చదివేవాడి మనసులో గుడ్డ జారిపోయి తల్లి మిగిలింది. "తల్లి పొత్తిళ్లలోంచి" అన్న వార్తను నేను తప్పు పట్టను. ముప్పై ఏళ్లవాడి సంగతి మాత్రం మీరన్నట్టే.

గోదారిగట్టు
ఒడి పోలిక బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ ఒడికి రెండర్థాలూ ఊళ్లలో నోటిమీద ఉన్నాయి. "పొత్తిళ్లు = ఒడి" అనేది కాగితం మీద తప్ప ఎవరి నోట వినపడుతుంది? "పిల్లాణ్ని నా పొత్తిళ్లలో పెట్టు" అని ఏ తల్లీ అనదు.

సండేస్కూల్ టీచరమ్మ
ఈ మాటను గుడ్డ అర్థంలోనే ఇవాళ్టికీ బతికించినవాటిలో క్రిస్మస్ ఒకటి. లూకా సువార్త 2వ అధ్యాయం 7వ వచనంలో మరియ తొలిచూలు కుమారుని కని "పొత్తిగుడ్డలతో చుట్టి" పశువుల తొట్టిలో పడుకోబెడుతుంది. 12వ వచనంలో గొల్లలకు దూత చెప్పిన ఆనవాలు కూడా ఆ పొత్తిగుడ్డలే. ప్రతి డిసెంబరులో నాటకం వేసే పిల్లలందరికీ ఈ మాట వచ్చు. యోబు గ్రంథం 38వ అధ్యాయంలో ఇంకా గొప్ప వాడుక ఉంది. సముద్రం పుట్టినప్పుడు దానికి మేఘాలు వస్త్రం, గాఢాంధకారం పొత్తిగుడ్డ. సముద్రమంతటిదాన్ని పసిబిడ్డను చేసి చూపించింది ఆ ఒక్క మాట. అక్కడ ఒడి అని పెట్టి చూడండి, అర్థమే నిలబడదు.

అక్షరపురుగు
యోబు సంగతి నాకు తెలియదు. చాలా బాగుందండీ.

కరీంనగర్ పోరి
మా దిక్కు పొత్తిళ్లు అనే మాట పుస్తకాలల్లనే. ఇంట్ల అయితే బొంత, పాతబట్టలు, పక్కబట్టలు అంటరు. చుట్టుడుకు వేరే పేరు లేదు, "బట్టల చుట్టి పండవెట్టు" అంటరు, అంతే. తొట్లెల ఏసేది బొంత. బొంత అంటే పాత చీరెలు రెండు మూడు పొరలు పరిచి దగ్గర దగ్గర కుట్టేసి కుట్టినది. గది కింద పరుసుటానికే గని చుట్టుటానికి పనికిరాదు, మందం. పొత్తిగుడ్డ, బొంత ఒకటే అని కొందరు రాస్తరు, కాదు.

సీమపల్లె
మా పక్క కూడా కిందికి బొంత, పైకి పాత పంచె. బొంతలో బిడ్డను చుడితే ఉడికిపోతుంది.

వ్యాకరణం మాస్టారు
ఏకవచనం అడిగారు కదా. పొత్తిలి. బహువచనంలో పొత్తిళ్లు. రోకలి–రోకళ్లు, నాగలి–నాగళ్లు, చెక్కిలి–చెక్కిళ్లు, పిడికిలి–పిడికిళ్లు, కౌగిలి–కౌగిళ్లు. అదే వరస. చివరి "లి"లో ఇకారం పోయి లకారం బహువచనపు "లు"తో కలిసి "ళ్లు" అవుతుంది. "పొత్తి + ఇళ్లు, అంటే బిడ్డకు తొలి ఇల్లు" అని ఒక ముచ్చటైన వివరణ తిరుగుతోంది. వినడానికి బాగుంటుంది, కానీ అది పదం విరిచిన తీరు కాదు. రోకళ్లలోనూ చెక్కిళ్లలోనూ ఇల్లు ఎక్కడుంది?

లోగిలి
మరి వాకిలి–వాకిళ్లు, ముంగిలి–ముంగిళ్లు సంగతి? వాటిలో "ఇల్లు" ఉందనే కదా పెద్దలు చెప్పేది. పొత్తిళ్లలో మాత్రం ఎందుకుండకూడదు?

వ్యాకరణం మాస్టారు
వాకిలి, ముంగిలి ఇంటి భాగాల పేర్లు. అక్కడ ఇల్లు అర్థంలోనే ఉంది, వెతుక్కోనక్కర్లేదు. ఒక పదంలో ఇల్లు ఉండాలంటే రూపం కలిస్తే చాలదు, అర్థం కూడా కలవాలి. పైగా పొత్తి ఒంటరిగానూ నిలుస్తుంది, పొత్తిగుడ్డ అన్నప్పుడు ఇంటి ఊసే లేదు. పిడికిలి, కౌగిలి, పొత్తిలి మూడూ పట్టుకునేవి, చుట్టుకునేవి. వాటిని పక్కపక్కన పెట్టి చూడండి.

మూలాలవేట
మాస్టారు చుట్టుకునేవి అన్నారు కాబట్టి మూలం దగ్గరికి వస్తాను. తెలుగులో "పొద–" అనే కుదురు ఒకటుంది. దాని పనంతా కప్పడం, చుట్టడం, లోపల దాచడం. కోడి గుడ్లను పొదుగుతుంది. తల్లి బిడ్డను పొదువుకుంటుంది. బాణాలు దాచేది అమ్ములపొది. మంగలి కత్తులు చుట్టి పెట్టుకునేదీ పొదే. పక్క భాషల్లో చూడండి: తమిళంలో పొది అంటే మూట. మలయాళంలో పొది అంటే పొట్లం, అరటాకులో కట్టిన అన్నం పొదిచ్చోరు. కన్నడంలో పకారం హకారమై హొది అంటే కప్పుకొను, హొదికె అంటే దుప్పటి.

ఇక పొత్తిలో తకారం ఒత్తు ఎక్కడిదంటారా? తమిళంలో పొది పక్కనే పొత్తు అనే క్రియ ఉంది, చేత్తో మూయడం, కప్పడం. "వాయ్ పొత్తి" అంటే నోరు మూసుకుని. మలయాళంలోనూ పొత్తుక ఉంది. ఒంటరి త, జంట త రెండూ ఒకే కుటుంబంలో కనపడుతున్నాయి. కాబట్టి పొత్తి అంటే "చుట్టి కప్పేది". అచ్చ ద్రావిడ పదం.

ప్రాకృతప్రియ
అంత తొందరగా ముద్ర వేయకండి. ప్రాకృతంలో "పొత్త" అంటే గుడ్డ. హిందీలో ఇవాళ్టికీ పసిపిల్లల గుడ్డను పోత్‌డా అంటారు. పుట్టుకతోనే ధనవంతుడైనవాణ్ని "పోత్‌డోఁ కా రయీస్" అంటారు, పొత్తిళ్లనాటి నుంచే షావుకారు అని. మరాఠీలో నేల తుడిచే పాతగుడ్డ పోతేరే. గుడ్డ, అందులోనూ పాత మెత్తటి గుడ్డ, పసిబిడ్డ గుడ్డ. అర్థం ఇంత సూటిగా కలుస్తుంటే పొదలవెంట పొదులవెంట తిరగడం ఎందుకు?

ఇలాంటి ప్రాకృతపదాలు తెలుగులోకి రావడం కొత్త కాదు. పుస్తకం ప్రాకృతంలో పొత్థమై, తెలుగులో పొత్తమైంది, కన్నడంలో హొత్తిగె అయింది. కన్నడంలో పకారం హకారంగా మారిందంటే ఆ మార్పు కంటే ముందే మాట వచ్చి చేరిందని. పొత్తము వచ్చిన దారిలోనే పొత్తి వచ్చింది.

మూలాలవేట
పోత్‌డా బలమైన సాక్ష్యమే, కాదనను. కానీ అది "గుడ్డ" దగ్గర ఆగిపోతుంది. తెలుగు పొత్తు, పొత్తిలో చుట్టబడి ఉండటమనే భావం కూడా ఉంది. మొక్కజొన్న పొత్తు చూడండి. పొరలు పొరలుగా ఆకుల్లో చుట్టి, లోపల గింజ. గుడ్డకూ దానికీ ఏం సంబంధం? చుట్టుకు ఉంది. తమిళంలో అరటిపువ్వును వాళైప్పొత్తి అంటారు, అదీ దొప్పల్లో చుట్టిందే.

కరీంనగర్ పోరి
మొక్కజొన్న పొత్తు కాదు, మక్కకంకి 🙂

గోదారిగట్టు
కంకి అయినా పొత్తయినా కాల్చి ఉప్పూ కారం నిమ్మకాయ రాస్తే ఒకటే.

ప్రాకృతప్రియ
మొక్కజొన్న మనకు అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. మాట పాతది, దాన్ని కొత్త పంటకు అంటగట్టారు. పొత్తి మొదటి అర్థానికి మొక్కజొన్నను సాక్షిగా తేలేం.

మూలాలవేట
పంట కొత్తదే. కానీ కొత్త వస్తువుకు పేరు పెట్టేటప్పుడు జనం తమ నోట్లో ఉన్న మాటల్లోంచే కదా ఏరుకుంటారు. ఆకుల్లో చుట్టిన కంకిని చూసి "పొత్తు" అన్నారంటే ఆ రోజున ఆ మాటలో చుట్టు అనే భావం వాళ్లకు వినపడుతోందన్నమాట. మూలానికి కాకపోయినా, వాడుకకు అది సాక్ష్యమే.

బెజవాడ బాబు
ఎన్నికల పొత్తులు కూడా ఇదే మాటా? ఒకళ్లనొకళ్లు చుట్టుకోవడం?

వ్యాకరణం మాస్టారు
ఆ పొత్తు వేరు. పొత్తున కుడుచు అంటే కలిసి ఒకచోట తినడం. కలయిక, భాగస్వామ్యం దాని అర్థం. రూపం ఒకటైనంత మాత్రాన పుట్టుక ఒకటి కానక్కర్లేదు. పొత్తము పుస్తకం, పొత్తు కలయిక, పొత్తు కంకి, పొత్తి గుడ్డ. నాలుగూ ఒకే తల్లి పిల్లలని చెప్పాలంటే ఒక్కొక్కదానికీ విడిగా రుజువు చూపాలి.

వెన్నెల్లో వాక్యం
పొత్తికడుపును అందరూ వదిలేశారు. తల్లి పొత్తికడుపులో పెరిగిన బిడ్డకు బయటికొచ్చాక అదే వెచ్చదనం ఇచ్చే గుడ్డ పొత్తిగుడ్డ. నాకు ఇదే నిజమైన మూలమనిపిస్తుంది. అక్షరపురుగు గారు అడిగిన "తల్లి పొత్తిళ్లు" కూడా అప్పుడు సరిపోతుంది.

మూలాలవేట
భావన చాలా బాగుంది. కానీ తెలుగులో పొత్తి ఒంటరిగా నిలిచినప్పుడు బిడ్డ గుడ్డే అవుతుంది. గర్భం అర్థంలో అది ఒంటరిగా వినపడదు, కడుపును పక్కన పెట్టుకోవాల్సిందే. కొందరు పొట్టను కూడా ఇందులోకి లాగుతారు. పొట్టలో ఉన్నది ట్ట, పొత్తిలో ఉన్నది త్త. ఈ రెండూ మన ఇష్టం వచ్చినట్టు మారవు. వరి పొట్టదశలో వెన్ను ఆకుతొడుగు లోపల ఉంటుంది కాబట్టి అదీ చుట్టేనని ఒకరు వాదించగా చూశాను. అర్థాలు ఎంతసేపైనా కలపొచ్చు, ధ్వనులు కలవాలి కదా.

పురిటిగది
మూలం పెద్దలు తేలుస్తారు. అసలు పొత్తిలి ఎలా చుడతారో రాస్తే మాట అర్థం కూడా కొంత తేటపడుతుంది.

గుడ్డ చదరంగా ఉండాలి, పక్క 40 నుంచి 48 అంగుళాలు. మంచం మీద వజ్రం ఆకారంలో, మూల పైకి వచ్చేలా పరవాలి. పైమూలను ఒక జానెడు లోపలికి మడవాలి. ఆ మడత మీదికి బిడ్డ భుజాలు రావాలి, మెడ కాదు, తల గుడ్డ బయటే. ఒక చేతిని పక్కకు దించి, మోచేయి కొంచెం వంగే ఉండనిచ్చి, ఆ వైపు గుడ్డను ఛాతీ మీదుగా తెచ్చి రెండో వైపు నడుం కిందికి దోపాలి. కిందిమూలను పాదాల మీదుగా పైకి మడవాలి, ఇక్కడ బిగించకూడదు. తర్వాత రెండో చెయ్యి, రెండో వైపు గుడ్డ. ఛాతీకీ గుడ్డకూ మధ్య రెండు వేళ్లు సులువుగా పట్టాలి. అంతకంటే బిగిస్తే ఊపిరి అందదు. వదులైతే గుడ్డ జారి మొహం మీదికి వస్తుంది, అది ఇంకా ప్రమాదం.

కాళ్ల దగ్గర ఎక్కువమంది పొరపాటు పడతారు. కాళ్లు చాచి, నిటారుగా లాగి కట్టేస్తారు, "కాళ్లు వంకర పోకుండా" అని. పుట్టిన బిడ్డ కాళ్లు కప్ప కాళ్లలా మడిచి, పక్కలకు తెరిచి ఉంటాయి. అలాగే ఉండాలి. తుంటి గిన్నెలో ఎముక గుండు సరిగ్గా కూర్చోవడానికి ఆ భంగిమే కావాలి. చాచి కట్టేస్తే గుండు గిన్నెలోంచి పక్కకు జరిగే ముప్పుంది. జపాన్‌లో 1975లో పసిపిల్లల కాళ్లు చాచి కట్టొద్దని దేశమంతా ప్రచారం మొదలుపెట్టారు. ఆ తర్వాత పిల్లల్లో తుంటి తొలగడం బాగా తగ్గింది.

అక్షరపురుగు
చుట్టగానే బిడ్డ నిద్రపోవడానికి కారణం వెచ్చదనమేనా?

పురిటిగది
వెచ్చదనం ఒక్కటే కాదు. నిద్రలో బిడ్డ ఉలిక్కిపడి రెండు చేతులూ విసిరి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంటుంది చూడండి, దాన్ని మోరో ప్రతిచర్య అంటారు. చేతులు అలా ఎగరగానే మెలకువ వచ్చి ఏడుస్తుంది. గుడ్డ చేతులను ఆపుతుంది కాబట్టి మెలకువ రాదు. ఆ ఉలికిపాటు నాలుగైదు నెలలకు దానంతటదే పోతుంది. కానీ చుట్టడం అంతకంటే ముందే మానాలి. బిడ్డ బోర్లా పడే ప్రయత్నం మొదలుపెట్టిన రోజే ఆఖరు. కొందరు రెండో నెలలోనే మొదలుపెడతారు. చుట్టి ఉన్న బిడ్డ బోర్లా పడితే చేతులు ఆనించి తల తిప్పుకోలేదు. చుట్టిన బిడ్డను ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి, పక్కకు కూడా వద్దు.

సీమపల్లె
మా పక్క మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు కూడా చుట్టాలంటారా?

పురిటిగది
ఒక్క పొర పలచటి నూలుగుడ్డ, అదీ చంకల కింది నుంచి మాత్రమే, చేతులు బయటికి. ఉక్కగా ఉంటే అసలు వద్దు. కాళ్లూ చేతులూ చల్లగా ఉన్నాయని ఇంకో పొర వేస్తారు, అది తప్పు లెక్క. పసిబిడ్డ అరచేతులు, పాదాలు చల్లగానే ఉంటాయి. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడాలి. మెడ వెనక చెమట పడితే ఒక పొర తీసేయాలి. చంకలో కొలిస్తే 36.5 నుంచి 37.5 సెల్సియస్ మధ్య ఉండాలి. ఎక్కువ చూపిస్తే ముందు గుడ్డలు విప్పి కాసేపాగి మళ్లీ కొలవండి. అప్పటికీ 38 ఉంటే, మూడు నెలల లోపు బిడ్డ అయితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పాతపంచె
ఏ గుడ్డ అన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు. పాత పంచెను మించింది లేదు. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, బిరుసు, నీళ్లు పీల్చదు. యాభైసార్లు ఉతికిన నూలులో పోగు విచ్చుకుని మెత్తబడుతుంది, చెమ్మ లాగేస్తుంది. పురుడు వెళ్లేదాకా బిడ్డకు కొత్తబట్ట వేయకూడదనే ఆచారం మనలో చాలా ఇళ్లలో ఉంది. కారణం ఏమని చెప్పుకున్నా ఒంటికి మాత్రం మంచిదే.

ఎనిమిది మూరల పంచె అంటే నాలుగు గజాలు, 144 అంగుళాలు. పన్నా 50 అంగుళాలు అనుకుందాం. 48 అంగుళాలకొకటి చింపితే 48 × 50 కొలతలో మూడు ముక్కలు. రెండు చుట్టడానికి ఉంచండి. మూడోదాన్ని నాలుగు చేస్తే 24 × 25 చొప్పున నాలుగు పక్కగుడ్డలు వస్తాయి. ఒక చాపుకు, అంటే జత పంచెలకు, నాలుగు పొత్తిళ్లు, ఎనిమిది పక్కగుడ్డలు. కత్తిరించే ముందు రంగు అంచు తీసేయాలి. జరీ అయితే మరీ, గీరుకుంటుంది.

చింపి అలాగే వదిలేయొద్దు. అంచును పావు అంగుళం చొప్పున రెండు మడతలేసి కుట్టాలి. ఊడిన దారప్పోగు బిడ్డ కాలివేలికో చేతివేలికో చుట్టుకుని బిగుసుకుంటే రక్తం ఆగి వేలు వాచిపోతుంది. బిడ్డ కారణం లేకుండా గుక్కపెట్టి ఏడుస్తుంటే గుడ్డ విప్పి ముందు వేళ్లు చూడాలి.

ఉగ్గుగిన్నె
ఎనిమిది పక్కగుడ్డలు ఒక్క పూటకు సరిపోతే గొప్ప. రోజుకు ఎనిమిదిసార్లు ఉచ్చ, పైగా విరేచనాలు. వానాకాలమైతే ఇరవై నాలుగు ఉన్నా ఆరవు.

కళింగాంధ్ర
పాత పొందూరు పంచె దొరికితే వదలొద్దు. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, సన్నగా వడికిన నూలు. ఉతికేకొద్దీ వెన్నలా అవుతాది.

పురిటిగది
పాతపంచె గారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన జాగ్రత్త చేర్చాలి. పాత గుడ్డలు పెట్టెలో కలరా ఉండలతో దాచి ఉంటాయి.

కరీంనగర్ పోరి
మేం డాంబర్ గోళీలంటం.

పురిటిగది
అవే, నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్న పిల్లలకు ఆ వాసన పీల్చినా, ఆ గుడ్డ ఒంటికి తగిలినా ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. కామెర్లు ఒక్కసారిగా పెరిగి మెదడుకు ప్రమాదం వస్తుంది. ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయకుండా బయటికి తెలియదు. మగపిల్లల్లో ఎక్కువ. ఎండలో ఆరేసినంత మాత్రాన సరిపోదు, ఆ గోళీలతో దాచిన గుడ్డను బిడ్డకు వాడకపోవడమే మంచిది. పిల్ల పుడుతుందని తెలిసిన ఇంట్లో ముందే పెట్టెల్లోంచి ఆ గోళీలు తీసి పారేయాలి. బొడ్డు ఊడేదాకా గుడ్డ బొడ్డు మీద బిగించవద్దు, తడి తగలనివ్వవద్దు.

శాస్త్రపాఠం
ఇదే మాట చరకసంహిత శారీరస్థానం 8వ అధ్యాయంలో ఎంత బాగా ఉందో చూడండి. బిడ్డ పక్కబట్టలు, కప్పేబట్టలు మెత్తగా, తేలిగ్గా, శుభ్రంగా, మంచి వాసనతో ఉండాలి. చెమట, మురికి, మలమూత్రాలు అంటినవి పారేయాలి. వేరే గుడ్డలు లేకపోతే వాటినే బాగా ఉతికి, ధూపం వేసి, పూర్తిగా ఆరబెట్టి వాడుకోవచ్చట. గుడ్డలు లేని ఇంటిని కూడా దృష్టిలో పెట్టుకుని రాసిన వాక్యం అది, అందుకే నాకు చాలా ఇష్టం. సుశ్రుతుడేమో శారీరస్థానం 10లో బిడ్డను క్షౌమవస్త్రంలో చుట్టి, క్షౌమవస్త్రం పరిచిన పక్క మీదే పడుకోబెట్టమన్నాడు. క్షౌమం అంటే నారబట్ట. చుట్టేదీ పరిచేదీ ఒకే గుడ్డ. గోదారిగట్టు గారు మొదట్లో చెప్పిందీ అదే.

పురిటిగది
ధూపం గుడ్డలకు వేయండి, బిడ్డకు వేయకండి. సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

సండేస్కూల్ టీచరమ్మ
ఇక్కడ ఒక తేడా చెప్పాలి. లూకా రాసిన గ్రీకులో ఉన్న మాట స్పార్గానా కుటుంబానిది. అవి మన పొత్తిగుడ్డలా వెడల్పు గుడ్డలు కావు, సన్నటి పొడవాటి పట్టీలు. మెడ నుంచి పాదాల దాకా మెలికలుగా చుట్టేవారు. రోమన్ల కాలంలో ఎఫెసు వైద్యుడు సొరానస్ ఆ పట్టీలు ఎలా చుట్టాలో వివరంగా రాశాడు. ఫ్లోరెన్స్‌లో అనాథపిల్లల కోసం కట్టిన ఇన్నొచెంతీ భవనం ముందు ఆంద్రేయా దెల్లా రొబ్బియా 15వ శతాబ్దంలో చేసిన మట్టిబొమ్మల్లో పిల్లలు ఆ పట్టీల్లోనే కనపడతారు. 1762లో ఫ్రెంచి తత్వవేత్త రూసో పిల్లల పెంపకం మీద రాసిన "ఎమీల్"లో ఆ కట్టుడును గట్టిగా తప్పుపట్టాడు. ఇంగ్లీషులో స్వాడిల్, స్వాథ్ ఒకే కుదురు మాటలు, స్వాథ్ అంటే కట్టులా చుట్టడం.

తెలుగు చేసినవాళ్లు "పట్టీలతో కట్టి" అని రాయొచ్చు. కానీ తెలుగింట్లో బిడ్డకు పట్టీలు కట్టరు. పొత్తిగుడ్డ అని పెట్టడంతో బిడ్డ మనింటి బిడ్డ అయ్యాడు.

మూలాలవేట
టీచరమ్మగారు చెప్పింది నా వాదానికి కూడా కొంత అడ్డమే. పొత్తి అంటే ఉత్త "చుట్టేది" అయితే పట్టీకీ సరిపోవాలి. కానీ తెలుగులో పొత్తి ఎప్పుడూ వెడల్పైన మెత్తటి గుడ్డే. కాబట్టి ప్రాకృతప్రియ గారి "పొత్త = గుడ్డ"కు ఒక మార్కు వేస్తున్నా. మలయాళం పొదిచ్చోరును మాత్రం వదలను.

ప్రాకృతప్రియ
వదలొద్దు. బయటి నుంచి వచ్చిన మాట ఇంట్లో ఉన్న మాటల పక్కన కూర్చుని వాటి రంగు పులుముకోవడం మామూలే. పొత్తి గుడ్డగా వచ్చి, పొదువు పక్కన చేరి, "చుట్టి హత్తుకునే గుడ్డ"గా స్థిరపడి ఉండొచ్చు. నాకు అదే ఎక్కువ నమ్మకంగా ఉంది.

వెన్నెల్లో వాక్యం
అయితే కథలో నేను "తల్లి పొత్తిళ్లలో" అని రాయకూడదా?

ఉగ్గుగిన్నె
బిడ్డ నెలల పిల్లయితే రాయండి, చదివేవాళ్లు గుడ్డలనీ తల్లినీ కలిపే చూస్తారు. పెద్దవాళ్లకు ఒడి ఉంది, కౌగిలి ఉంది, గుండె ఉంది. "పొదువుకుంది" అనే క్రియ ఉంది, దాన్ని ఎవరూ వాడటం లేదు.

గోదారిగట్టు
నేనయితే "తల్లి పక్కన పొత్తిళ్లలో ఉన్న బిడ్డ" అని రాస్తాను. రెండు మాటలు ఎక్కువైనా ఎవరి చోటు వారికి దక్కుతుంది.

అక్షరపురుగు
పొదువుకుంది! నిజమే, ఆ కథకు కావలసిన మాట అదే. "అమ్మ అతణ్ని పొదువుకుంది." మాస్టారూ, ఏకవచనంలో "పొత్తిలిలో బిడ్డ" అని రాస్తే ఎవరికైనా తెలుస్తుందా?

వ్యాకరణం మాస్టారు
తప్పు కాదు, కానీ చెవికి కొత్త. ఒక్క గుడ్డే చెప్పాలంటే పొత్తిగుడ్డ అనండి. స్థితి చెప్పాలంటే బహువచనమే, పొత్తిళ్లలో.

కరీంనగర్ పోరి
ఒకటి అడుగుత. ఆరేసిన పసిపిల్ల బట్టలు పొద్దుగూకక ముందే లోపలికి తేవాలంటరు పెద్దోళ్లు. రాత్రి బయట ఉంచద్దని. ఇది అంతట ఉన్నదా?

సీమపల్లె
మా పక్కా ఉంది. గాలి సోకుతుందంటారు.

పాతపంచె
గోదావరి వైపూ ఉంది. గాలి సంగతి ఎలా ఉన్నా, మంచు పడితే ఆరిన గుడ్డ మళ్లీ చెమ్మెక్కుతుంది, మడతల్లోకి చీమలూ పురుగులూ చేరతాయి. సాయంత్రం తెచ్చాక ఒక్కొక్కటీ దులిపి, కుట్టులో పోగు ఊడిందేమో చూసుకుని అప్పుడు మడవండి.